కారులో కంపెనీ స్టీరియో తీసి కొత్త సెట్టు పెట్టుకోవడం: ఒక్క వైరు కూడా కొయ్యకుండా

కారు స్టీరియో మార్చడంలో సెట్టు బిగించడం పెద్ద పని కాదు. నాలుగు స్క్రూలు, నాలుగైదు క్లిప్పులు, అంతే. అసలు పనంతా వెనకాల వైర్లలో ఉంది. రాత్రి ఆపిన బండి పొద్దున్న స్టార్ట్ కాకపోయినా, తాళం తిప్పిన ప్రతిసారీ గడియారం పన్నెండుకే వచ్చి నిలబడినా, ఎడమ డోరు స్పీకరు గరగరలాడినా డాష్‌బోర్డు విప్పితే తరచూ ఒకటే కనిపిస్తుంది. కంపెనీ కప్లరు, అంటే వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు, కోసేసి, వైర్లు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టిన ముద్ద. ఆ ముద్ద మీ కారులో తయారవకుండా పని ఎలా చెయ్యాలో ఇక్కడ చెబుతున్నాం. మొదటిసారి చేసేవాళ్లు సగం రోజు కేటాయించుకోండి. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి చీకటి పడేలోగా అవగొట్టాలనుకుంటేనే టేపు చుట్టే బుద్ధి పుడుతుంది.

కొనే ముందు కొలత టేపు పట్టండి

సెట్టు ముఖం కొలతలు మూడు రకాలు. సింగిల్ డిన్ సుమారు 178 × 50 మి.మీ., డబుల్ డిన్ 178 × 100 మి.మీ. టయోటా వాళ్లది ఇంకొంచెం వెడల్పు, 200 × 100 మి.మీ. టయోటా గూట్లో మామూలు డబుల్ డిన్ పెడితే రెండు పక్కలా వేలు పట్టేంత సందు మిగులుతుంది. దాన్ని మూసే పక్క పట్టీలు విడిగా దొరుకుతాయి. ఇప్పుడు ఎక్కువగా అమ్మే 9, 10 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్లు ఈ లెక్కల్లోకి రావు. వాటి తెర డాష్‌బోర్డు పైకి నిలబడుతుంది కాబట్టి మీ కారు మోడలుకే చేసిన ఫ్రేము కావాలి. మోడలు పేరొక్కటే చెబితే చాలదు, తయారైన సంవత్సరం కూడా చెప్పండి. స్విఫ్ట్ అనే పేరు మీద వేర్వేరు డాష్‌బోర్డులు వచ్చాయి, ఒకదాని ఫ్రేము ఇంకోదానికి కూర్చోదు.

కొన్ని కార్లలో తొందరపడొద్దు. ఏసీ సర్దుబాట్లు, డోర్ లాకుల సెట్టింగులు, పార్కింగ్ సెన్సర్ల బొమ్మ కంపెనీ తెర మీదే వస్తుంటే సెట్టు తీసేశాక అవన్నీ పోవచ్చు. సీటు కిందో డిక్కీలోనో కంపెనీ యాంప్లిఫయరు ఉన్న కార్లు మరో చిక్కు. సెట్టు నుంచి శబ్దం నేరుగా స్పీకర్లకు కాకుండా యాంప్‌కు వెళుతుంది, కాబట్టి దానికి తగిన ప్రత్యేక అడాప్టరు లేకపోతే కొత్త సెట్టు మూగగా కూర్చుంటుంది. ఇలాంటి బండైతే అడాప్టరు దొరుకుతుందని తేల్చుకున్నాకే సెట్టు కొనండి.

డబ్బా మీద "50 వాట్స్ × 4" అని ఉంటుంది, దానికి మురిసిపోనక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా కారు కరెంటు 14.4 వోల్టులు, స్పీకరు నిరోధం 4 ఓమ్‌లు. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే సుమారు 52 వస్తుంది. డబ్బా మీద వేసేది ఆ అంకెనే. శబ్దం పూర్తిగా చీలిపోయి చదరపు తరంగంగా మారితేనే అంత వస్తుంది. చీలకుండా రాగలిగింది అందులో సగం, అంటే 26 వాట్ల లోపే. నిజంగా వినేది 20 వాట్ల దరిదాపుల్లో. కంపెనీ సెట్టు కూడా దాదాపు అంతే ఇస్తుంది. శబ్దం పెరగడమే కావాలంటే సెట్టు మార్చితే తీరదు, స్పీకర్లో యాంపో మార్చాలి. తెర, బ్లూటూత్, మ్యాపులు, కెమెరా కావాలంటే సెట్టు మార్చడం సరైన పనే.

కొట్లో అడగాల్సినవి

సెట్టు, ఫ్రేము ఎలాగూ కొంటారు. వాటితోపాటు మీ కారు మోడలుకు సరిపడే కప్లరు అడగండి. కారు వైపు కంపెనీ కప్లరులోకి నేరుగా గుచ్చుకునే జోడీ అది. రెండో చివర కొత్త సెట్టు వైర్లతో కలుస్తుంది. కారు వైరు కొయ్యాల్సిన పని లేకుండా చేసేది ఈ చిన్న ముక్కే. "కప్లరెందుకు సార్, డైరెక్ట్ కలిపేద్దాం" అని కొట్టువాడు అంటే పక్క కొట్టుకి వెళ్లండి. శ్రీకాకుళంలో, విజయనగరంలో మీ మోడలుది దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోండి, లేదా ఆన్‌లైన్లో పెట్టుకోండి. రెండు మూడు రోజులు ఆగితే పోయేదేమీ లేదు.

యాంటెన్నా ప్లగ్గు కూడా చూసుకోండి. పాత కార్లలో వేలంత లావుండే గుండ్రటి ప్లగ్గు నేరుగా సెట్టులో కూర్చుంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి వాటిలో చదరపు ప్లాస్టిక్ తొడుగున్న ఫక్రా ప్లగ్గు ఉంటుంది, దానికి అడాప్టరు కావాలి. స్టీరింగ్ మీద బటన్లుంటే అవి పనిచేయడానికి ఏం కావాలో ఇప్పుడే అడగండి. రివర్స్ కెమెరా పెట్టాలనుకుంటే దాన్ని కూడా ఈ విప్పుడులోనే వేసేయడం మేలు.

పనిముట్లలో ప్లాస్టిక్ పీకుడు పుల్లల సెట్టు, స్టార్ స్క్రూడ్రైవరు, 10 నంబరు స్పానరు, వైరు కొక్కేలు నొక్కే క్రింపింగ్ ప్లయరు లేదా సోల్డరింగ్ ఐరన్, వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టాలు, గుడ్డ టేపు, జిప్ టైలు, రెండు మూడు 10, 15 ఆంపియర్ల ఫ్యూజులు ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది మల్టీమీటరు. అది లేకుండా మొదలుపెట్టొద్దు. బల్బు టెస్టరు కొన్ని పనులకు సరిపోతుంది గానీ కొత్త కార్లలో కంప్యూటర్ వైర్ల మీద దాన్ని పెడితే వాటికే ప్రమాదం.

విప్పడం

ముందు ఫోనుతో డాష్‌బోర్డును అన్ని వైపులా ఫోటోలు తీసుకోండి. కంపెనీ సెట్టుకు సెక్యూరిటీ కోడు ఉండే కారైతే, కోడు ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. అమ్మేటప్పుడు పాత సెట్టు మళ్లీ పెట్టాల్సి వస్తే అది అడుగుతుంది.

బండి నీడలో ఆపి హ్యాండ్ బ్రేకు వేసి, తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ కేబులు 10 స్పానరుతో విప్పండి. విప్పాక కనీసం మూడు నిమిషాలు ఆగండి. ఎయిర్ బ్యాగుల సర్క్యూట్లో నిలిచిన కరెంటు దిగిపోవడానికి ఆ సమయం. పని మధ్యలో పసుపు ప్లాస్టిక్ కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి. అవి ఎయిర్ బ్యాగులవి.

స్టీరియో చుట్టూ ఉన్న ప్యానెలు చాలా కార్లలో క్లిప్పుల మీదే నిలుస్తుంది. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో మోడలుని బట్టి మారుతుంది. ఏసీ వెంట్ల పై అంచునుంచో, కింది మూలనుంచో పుల్ల దూర్చి మెల్లగా తెరవండి. ఒక క్లిప్పు వదిలాక దాని పక్కదానికి వెళ్లండి. ఒక మూల పట్టుకుని గట్టిగా లాగితే ఆ మూల విరుగుతుంది. పీకేటప్పుడు మీ వైపు నేరుగా లాగండి, పక్కకు మెలితిప్పొద్దు. మన కోస్తా ఎండలో ప్లాస్టిక్ వంగుతుంది కాబట్టి ఫర్వాలేదు. చలికాలం తెల్లవారుజామున, ముఖ్యంగా సీతంపేట, కురుపాం వైపు, అదే ప్లాస్టిక్ పెళుసుగా ఉండి చటుక్కున విరుగుతుంది. పొద్దెక్కాక చెయ్యండి.

ప్యానెలు వెనక హజార్డ్ లైట్ స్విచ్చు, పాసింజర్ ఎయిర్ బ్యాగ్ దీపం లాంటివాటి కప్లర్లు ఉంటాయి. నాలుక నొక్కి లాగాలి, వైరు పట్టుకుని లాగకూడదు. ఏది ఎక్కడిదో రంగు టేపు ముక్క అంటించుకోండి. గేరు లివరు మీద పాత తువ్వాలు కప్పండి. ఆటోమేటిక్ అయితే విప్పే ముందే, హ్యాండ్ బ్రేకు మీద, లివరు వెనక్కి లాగి ఉంచుకుంటే చెయ్యి పెట్టడానికి చోటు దొరుకుతుంది.

సెట్టును పట్టుకున్న నాలుగు స్క్రూలు తీసే ముందు కింద గూడులో ఇంకో గుడ్డ కుక్కండి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. కన్సోల్లోకి జారిపోయిన ఒక్క స్క్రూ కోసం గేరు డబ్బా అంతా విప్పాల్సి వస్తుంది. వెతక్కుండా వదిలేస్తే ఏ గతుకు దగ్గరో అది గలగలలాడుతూ మీకు గుర్తుచేస్తూనే ఉంటుంది.

సెట్టు ముందుకు లాగి, వెనకనున్న కప్లర్లు, యాంటెన్నా ప్లగ్గు పీకేయండి. వాటిని తీసే ముందు ఇంకో ఫోటో.

మీటరు పట్టండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తర్వాత వచ్చే తిప్పలన్నీ ఇక్కడే పుడతాయి.

హజార్డ్ స్విచ్చు, ఎయిర్ బ్యాగ్ దీపం కప్లర్లు తాత్కాలికంగా మళ్లీ తగిలించండి. అవి ఊడి ఉండగా తాళం ఆన్ చేస్తే ఎయిర్ బ్యాగ్ హెచ్చరిక దీపం వెలిగి ఉండిపోవచ్చు. తర్వాత బ్యాటరీ కలిపి, మీటరు నల్ల పుల్ల కారు లోహానికి ఆనించి, ఎర్ర పుల్లతో కంపెనీ కప్లరు పిన్నులు ఒక్కొక్కటీ చూడండి.

తాళం తీసేసి ఉన్నా 12.4 నుంచి 12.7 వోల్టుల దాకా చూపించే పిన్ను శాశ్వత కరెంటుది. సెట్టు జ్ఞాపకాలన్నీ, అంటే గడియారం, స్టేషన్లు, శబ్దం సర్దుబాట్లు, దీని మీద బతుకుతాయి. తాళం లేనప్పుడు సున్నా, ఏసీసీకి, అంటే ఇంజిన్ నడవకుండా స్టీరియో వెలిగే మెట్టుకు, తిప్పగానే 12 చూపించేది ఏసీసీ పిన్ను. పార్కింగ్ లైట్లు వేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చేది రాత్రి తెర మసకబారడానికి. ఎర్తు పిన్నును బ్యాటరీ విప్పిన తర్వాత ఓమ్‌ల మీద పెట్టి చూడాలి. బాడీకీ దానికీ మధ్య 1 ఓమ్ కన్నా తక్కువ ఉండాలి.

ఏసీసీ పిన్ను ఎంత వెతికినా కనపడకపోతే కంగారు పడకండి. కొన్ని కొత్త కార్లలో ఆ వైరే ఉండదు. తాళం తిరిగిందన్న వార్త రెండు సన్నటి మెలివేసిన క్యాన్ వైర్ల మీద డేటాగా వస్తుంది. వాటి మీద మీటరు సుమారు 2.5 వోల్టులు చూపిస్తుంది. ఆ కార్లకు, ఆ డేటాను చదివి సెట్టుకు ఏసీసీ కరెంటు ఇచ్చే క్యాన్ డబ్బా ఉన్న కప్లరు తీసుకోవాలి. లేదంటే ఫ్యూజు పెట్టెలో తాళం మీద వచ్చే ఫ్యూజు దగ్గర, ఫ్యూజు ఉన్న అడాప్టరుతో ఒక తీగ లాగి ఏసీసీగా వాడుకోవచ్చు. క్యాన్ వైర్లలో దేనినీ గీరి కరెంటు తీసుకునే ప్రయత్నం చెయ్యొద్దు.

స్పీకరు జతలను ఓమ్‌ల మీద చూస్తే 4 ఓమ్‌ల స్పీకరుకు 3.2 నుంచి 4 దాకా చూపించాలి. ప్రతి స్పీకరు వైరూ బాడీతో తగులుతోందేమో కూడా చూడండి. తగలకూడదు. తగిలితే డోరు మడతలో ఎక్కడో వైరు తొడుగు ఊడింది. లేదంటే స్పీకరు నెగటివ్‌లను బాడీకే ఎర్తు చేసిన పాతకాలపు వైరింగు. ఆ తరహా కనపడితే ఆ స్పీకర్లకు కొత్తగా రెండేసి వైర్లు లాగాల్సిందే, వేరే దారి లేదు. ఎందుకో కింద చెబుతాం.

సెకండ్ హ్యాండు బండిలో మునుపటి యజమాని కప్లరు కోసేసి ఉంటే రంగులను నమ్మకండి. ఏ వైరు ఏ స్పీకరుదో తెలుసుకోవడానికి గోడ గడియారంలో వేసే 1.5 వోల్టు సెల్లు చాలు. సెట్టు ఏదీ తగిలించకుండా, ఒక జత వైర్లను సెల్లుకు క్షణం పాటు ఆనించండి. ఏదో ఒక డోరులో 'టప్' మంటుంది. సెల్లు ప్లస్ తగిలిన వైరు సరైనదైతే స్పీకరు కోను బయటికి వస్తుంది, తిరగబడితే లోపలికి పోతుంది. ఆనించి పట్టుకోవద్దు, ఒక్క తాకుడు చాలు.

రంగుల లెక్క

కంపెనీ వైర్ల రంగులు తయారీదారుని బట్టి మారతాయి. కొత్త సెట్టుతో వచ్చే వైర్లు మాత్రం దాదాపు అందరిదీ ఒకే పద్ధతి:

పసుపు: శాశ్వత 12 వోల్టులు
ఎరుపు: ఏసీసీ
నలుపు: ఎర్తు
నారింజ, లేదా తెల్ల చారతో నారింజ: పార్కింగ్ లైట్లు
నీలం: యాంటెన్నాకు కరెంటు
తెల్ల చారతో నీలం: యాంప్లిఫయరు ఆన్ చేసే వైరు
తెలుపు: ముందు ఎడమ స్పీకరు
బూడిద: ముందు కుడి
ఆకుపచ్చ: వెనక ఎడమ
ఊదా: వెనక కుడి

స్పీకర్లకు చార లేని వైరు ప్లస్, అదే రంగుకు నల్ల చార ఉంటే మైనస్.

పసుపు, ఎరుపు తారుమారైతే సెట్టు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ తాళం తీయగానే అన్నీ మరిచిపోతుంది. ఇంకొందరు ఏసీసీ దొరక్క రెండూ కలిపి పసుపు వైపే వేసేస్తారు. అప్పుడు సెట్టు ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. లెక్క చూడండి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న చిన్న కారులో సెట్టు నిద్రపోకుండా 300 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే 58 గంటల్లో సగం బ్యాటరీ ఖాళీ. భోగి పొద్దున్న అత్తారింటి ముందు ఆపిన బండి కనుమ సాయంత్రం తిరిగి తీసేసరికి నీరసంగా మూలుగుతుంది.

స్పీకరు నల్ల చార వైర్లను ఎర్తు అనుకుని బాడీకి కలపడం ఖరీదైన తప్పు. ఇప్పటి సెట్లలో ప్రతి స్పీకరుకూ ప్లస్ వైపొకటి, మైనస్ వైపొకటి రెండు యాంప్‌లు ఎదురెదురుగా పనిచేస్తాయి. మైనస్ కూడా సజీవ వైరే. దాన్ని బాడీకి తాకించి శబ్దం పెంచితే లోపలి ఐసీ కాలిపోతుంది. బాడీకి ఎర్తు చేసిన పాత వైరింగు పనికిరాదన్నది ఇందుకే.

వాడని వైర్లను ఒక కట్టగా కాకుండా ఒక్కొక్కటి విడిగా టేపు చుట్టండి. ముఖ్యంగా నీలం రెండూ. సెట్టు ఆన్ కాగానే వాటిలో 12 వోల్టులు వస్తాయి. రాగి బాడీకి తగిలితే సెట్టు లోపలి ఆ భాగమే పోతుంది, దానికి బయట ఫ్యూజు ఉండదు.

జాయింట్లు కారులో వెయ్యొద్దు

కప్లరు, సెట్టు వైర్లు రెండూ బల్ల మీద పెట్టుకుని అక్కడే కలపండి. కారులో తలకిందులుగా దూరి వేసిన జాయింటు ఎప్పటికీ సరిగ్గా రాదు. వైర్ల మీద తొడుగు 8 మి.మీ. తీసి, హీట్ ష్రింక్ గొట్టాన్ని ముందే ఎక్కించి, క్రింప్ చేసి లేదా సోల్డరు చేసి, గొట్టాన్ని వేడి చెయ్యండి. గొట్టం ఎక్కించడం మరిచి జాయింటు వేసెయ్యడం అందరికీ జరిగేదే. విప్పి మళ్లీ వెయ్యండి, టేపు చుట్టి సరిపెట్టుకోవద్దు. మే నెలలో మూసి ఉన్న కారు డాష్‌బోర్డు వెనక వేడికి మామూలు టేపు జిగురు కరిగి జారిపోతుంది.

జాయింట్లన్నీ ఒకే చోట పడకుండా ఒక్కోదాన్ని రెండు వేళ్ల దూరం జరుపుతూ వేస్తే కట్ట లావవదు, ఒకదాని రాగి ఇంకోదాన్ని తాకే భయం ఉండదు. చివర గుడ్డ టేపు చుట్టండి, అది గలగల శబ్దాన్ని కూడా ఆపుతుంది.

కళింగపట్నం, భావనపాడు, బారువ, పూసపాటిరేగ తీరంలో బండి ఉంచుకునేవాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలికి బయటపడిన రాగి కొన్నాళ్లలోనే పచ్చబారుతుంది. లోపల జిగురుండే హీట్ ష్రింకే వాడండి. ఎర్తును విడిగా బాడీ బోల్టుకు వేసుకుంటే పెయింటు గీరి, లోహం మెరిశాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి.

రేడియో, బటన్లు, కెమెరా

రేడియోలో మనవాళ్లకు వచ్చే ఫిర్యాదు ఒక్కటే: విశాఖ వైపు బాగా వస్తుంది, రణస్థలం దాటితే చిర్రుమంటుంది. దూరం కొంత కారణమే. కానీ కంపెనీ సెట్టుతో వచ్చింది కొత్త సెట్టుతో రాకపోతే నేరం దూరానిది కాదు. చాలా కార్ల యాంటెన్నా అడుగున చిన్న బూస్టరు ఉంటుంది, దానికి 12 వోల్టులు కావాలి. కంపెనీ సెట్టు ఆ కరెంటు ఇచ్చేది. కొత్త సెట్టు నీలం వైరును బూస్టరు వైరుకో, అడాప్టరు మీదున్న నీలం తోకకో కలిపితే రేడియో మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

రెండోది ప్రాంతం సెట్టింగు. కొత్త సెట్టు అమెరికా ప్రాంతం మీద ఉంటే ఎఫ్ఎం 0.2 మెగాహెర్ట్జ్ మెట్లతో, బేసి దశాంశాల మీదే తిరుగుతుంది. 98.3 దొరుకుతుంది, 102.0 దొరకదు. ఏఎం కూడా అంతే. మన దేశంలో స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, అమెరికా పద్ధతిలో 10. ఆకాశవాణి విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్. 10 మెట్టు మీద సెట్టు 920 నుంచి 930కి గెంతేస్తుంది, 927 మీద ఆగదు. సెట్టింగుల్లో ప్రాంతం భారత్ లేదా ఆసియా అని మార్చండి. చవక ఫోను ఛార్జరు, డ్యాష్‌కామ్ కూడా రేడియోలో చిర్రు పుట్టిస్తాయి. వాటిని పీకి ఒకసారి వినండి.

స్టీరింగ్ బటన్లు ఎక్కువ కార్లలో ఒకటో రెండో వైర్ల మీద, ఒక్కో బటనుకు ఒక్కో నిరోధంగా పనిచేస్తాయి. వాటిని సెట్టు మీదున్న కీ1, కీ2 వైర్లకు కలిపి, సెట్టింగుల్లో ఒక్కో బటను నొక్కి నేర్పించాలి. రెండు బటన్లు ఒకే పని చేస్తుంటే ఎర్తు సరిగ్గా అందట్లేదని అర్థం. క్యాన్ కార్లలో ఈ పని క్యాన్ డబ్బా చూసుకుంటుంది.

కెమెరాకు కరెంటు వెనక రివర్స్ లైటు నుంచి. వీడియో కేబులు డిక్కీ రబ్బరు గొట్టంలోంచి, ఆ తర్వాత డోరు గడపల పట్టీల కింద నుంచి ముందుకు తేవాలి. కేబులు రెండు చివర్లా సన్నటి ఎర్ర తోక ఉంటుంది. వెనక తోకను రివర్స్ లైటు ప్లస్‌కి, ముందు తోకను సెట్టు మీదున్న రివర్స్ వైరుకి కలిపితే గేరు వెనక్కి వెయ్యగానే తెర మారుతుంది. బొమ్మ రాకుండా నల్ల తెరో, దొర్లే గీతలో కనిపిస్తే కెమెరా చెడిపోయిందనుకోకముందు సెట్టింగుల్లో కెమెరా రకం చూడండి. ఏహెచ్‌డీ కెమెరాకు సీవీబీఎస్ పెట్టి ఉన్నా, దానికి తిరగబడినా ఇలాగే అవుతుంది.

హ్యాండ్స్ ఫ్రీ మైకును స్టీరింగ్ కాలమ్ మీద పెట్టడం సులువు. ముందు అద్దం పక్క స్తంభాల్లో ఎయిర్ బ్యాగులుంటే వైరు వాటి మీదుగా అడ్డంగా పోకూడదు. జీపీఎస్ యాంటెన్నా ముఖం ఆకాశం వైపు, ప్లాస్టిక్ కింద ఉండొచ్చు గానీ లోహం కింద కాదు. హ్యాండ్ బ్రేకు వైరును కారు హ్యాండ్ బ్రేకు స్విచ్చుకే కలపండి. నడుపుతుండగా వీడియో రాకుండా ఆపేది అదే. దాన్ని ఎర్తుకు కలిపి దాటెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఎచ్చెర్ల దగ్గర హైవే మీద ముందు లారీ బ్రేకు వేసినప్పుడు మీ పక్కన ఉండరు.

లోపలికి తోసే ముందు

బ్యాటరీ నెగటివ్ విప్పి ఉండగానే కప్లర్లన్నీ తగిలించి, సెట్టును తువ్వాలు మీద పెట్టి, అప్పుడు బ్యాటరీ కలపండి. తాళం ఏసీసీలో పెట్టాక బ్యాలెన్స్, ఫేడరు నాలుగు మూలలకూ తిప్పి నాలుగు స్పీకర్లూ సరైన చోట పలుకుతున్నాయో వినండి. తర్వాత మధ్యలో పెట్టి డప్పు బాగా ఉన్న పాట వెయ్యండి. ఒక్కొక్క పక్క విడిగా బాగుండి, మధ్యలోకి తేగానే డప్పు నీరసిస్తే ఒక స్పీకరు ప్లస్, మైనస్ తిరగబడింది. పార్కింగ్ లైట్లు, రివర్స్ గేరు, స్టీరింగ్ బటన్లు, బ్లూటూత్ ఫోను అన్నీ చూసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఆక్సిలరేటరు నొక్కితే స్పీకర్లలో సన్నగా ఈలలాగా పెరుగుతుంటే ఎర్తు బాగోలేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు తెర క్షణం ఆరితే తప్పేమీ లేదు, అప్పుడు ఏసీసీ కరెంటు ఆగుతుంది.

అన్నీ కుదిరాక పాత సెట్టు పక్క బ్రాకెట్లు విప్పి కొత్తదానికి బిగించండి. సెట్టుతో వచ్చిన పొట్టి స్క్రూలే వాడండి, సాధారణంగా 8 మి.మీ. పొడవుంటాయి. ఇంట్లో దొరికిన పొడుగు స్క్రూ బిగిస్తే దాని మొన లోపలి బోర్డులోకి దిగుతుంది. వైర్ల కట్టను సెట్టు వెనక కుక్కొద్దు, కింద ఖాళీలోకి దించి జిప్ టైతో కట్టండి. ఏసీ గాలి దిశ మార్చే మీటలు, కేబుళ్లు అక్కడే తిరుగుతుంటాయి. నాబు తిప్పుతూ ఏదీ తట్టుకోవట్లేదని చూడండి. సాలూరు ఘాటు లాంటి రోడ్ల మీద తిరిగే బండైతే ఫ్రేము క్లిప్పుల దగ్గర గుడ్డ టేపు ముక్కలు వేస్తే కిరకిర ఉండదు.

బిగించాక సెట్టు అసలు వెలగకపోతే ముందు ఫ్యూజులు చూడండి. చాలా కార్లలో లోపలి లైటుకూ రేడియో శాశ్వత కరెంటుకూ ఒకే ఫ్యూజు. లోపలి లైటు కూడా వెలగకపోతే సంగతి తేలిపోయినట్టే. సెట్టు వెనక కూడా ఒక ఫ్యూజు ఉంటుంది. 10 పోతే 10 పెట్టండి, 15 పెట్టి చూద్దామనుకోవద్దు, అప్పుడు కాలేది వైరు. బ్యాటరీ విప్పినందువల్ల కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి రాకపోతే, అద్దం పూర్తిగా పైకి తెచ్చి బటన్ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో సరిపోతుంది.

మర్నాడు ఒక పరీక్ష మిగిలి ఉంది. తాళం తీసి, బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగటివ్ కేబులుకూ పోస్టుకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల మీద వరసలో పెట్టండి. డోర్లు మూసేసి అరగంట ఆగండి, కంప్యూటర్లన్నీ నిద్రపోవాలి. అప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపిస్తే సరే. ఎక్కువ చూపిస్తే కొత్త సెట్టు ఫ్యూజు పీకి చూడండి. అంకె పడిపోతే దోషి అదే. ఆండ్రాయిడ్ సెట్టయితే సెట్టింగుల్లో నిద్రపోయే సమయం తగ్గించండి. మీటరు అలా వరసలో ఉండగా మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

పాత సెట్టు, దాని ప్యానెలు, స్క్రూలు ఒక డబ్బాలో వేసి, మీరు తీసిన ఫోటోలు ఫోనులో అలాగే ఉంచండి. కారు వైరు ఏదీ కొయ్యలేదు కాబట్టి వారంటీ పేచీ వచ్చినా, బండి అమ్మాల్సి వచ్చినా కప్లరు పీకి పాతది తగిలించడం గంట పని.